గ్రూపులో చెప్పిన మాట గ్రూపులోనే ఉండిపోతే

మా ఇంట్లో చరకా ఆగిపోయి ఇరవై ఏళ్ళు దాటింది. శిడ్లఘట్ట, చింతామణి వైపు ఊర్లలో పట్టుగూళ్ళు ఉడకబెట్టి దారం తీసిన ఇళ్ళు చాలా ఉన్నాయి, మాది అందులో ఒకటి. చరకా పని ఒక్కరితో అయ్యేది కాదు. ఒకరు వేడినీళ్ళలో చెయ్యి పెట్టి గూళ్ళ నుంచి పోగులు ఎత్తి, కలిపి, ఒక దారంగా పైకి పంపాలి. ఇంకొకరు చక్రం తిప్పుతూ ఉండాలి. కొత్తగా పనిలోకి వచ్చినవాళ్ళకు ఎప్పుడూ చక్రమే ఇచ్చేవాళ్ళు. మా అవ్వ పెళ్ళయి వచ్చిన కొత్తలో చక్రం దగ్గరే కూర్చుంది. పోగు ఎట్లా ఎత్తాలో ఆమెకు ఎవరూ పాఠంలాగా చెప్పలేదు. కానీ చక్రం దగ్గర కూర్చుంటే పోగు ఎత్తేవాళ్ళ చేతులు కనబడతాయి. ఒక గూడు అయిపోతే కొత్త పోగు ఎక్కడ తగిలిస్తారు, దారం సన్నబడితే ముఖం ఎట్లా పెడతారు, నీళ్ళు ఎక్కువ కాగితే ఏమని తిట్టుకుంటారు, అన్నీ రోజూ చూసేది, వినేది. "చూస్తా చూస్తా చేతికొచ్చె" అనేది అవ్వ. అంతకంటే ఎక్కువ వివరం ఆమె దగ్గర లేదు.

ఇప్పుడు మా ఇంట్లో నలుగురం బెంగళూరులో సాఫ్ట్‌వేర్ పనిలో ఉన్నాం. మా పని టెస్టింగ్. పండగకు ఊరికి పోయినప్పుడు పిల్లలు అడుగుతారు, ఏ కోర్సు చేస్తే ఈ పని వస్తుందని. కోర్సుల పేర్లు చెప్తాం. కానీ నిజం చెప్పాలంటే మాకు పని వచ్చింది పక్కవాళ్ళ ముచ్చట్లు వినడం వల్ల. ఆ ముచ్చట్లు ఇప్పుడు ఫోన్లలోకి, గ్రూపుల్లోకి పోయాయి. ఎవరు వినొచ్చు, ఎవరు వినకూడదు అనేది కూడా మాకు తెలీకుండానే అక్కడ నిర్ణయమైపోతోంది. అందులో మా తప్పు ఒకటి ఉంది, అది ఇక్కడ రాయాలని చాలా రోజులుగా అనుకుంటున్నాం.

ఆఫీసులో ఒకసారి కొత్తవాళ్ళకు ట్రైనింగ్ ప్లాన్ రాయమన్నారు. దానికోసం వెతుకుతుంటే జీన్ లేవ్, ఎటియెన్ వెంగర్ అనే ఇద్దరు 1991లో రాసిన ఒక పుస్తకం దొరికింది. అందులో ఆఫ్రికాలోని లైబీరియా దేశపు దర్జీల సంగతి ఉంది. అక్కడ శిష్యుడికి మొదట ఇచ్చేది గుండీలు కుట్టడం, అంచులు మడవడం లాంటి ఆఖరి పనులు. తర్వాత కుట్టు. గుడ్డ కత్తిరించే పని అన్నిటికంటే చివర. అంచు తప్పుగా మడిస్తే విప్పి మళ్ళీ కుట్టొచ్చు, గుడ్డ తప్పుగా కత్తిరిస్తే నష్టం. ఈలోపల వాడు చొక్కా మొత్తం ఎట్లా తయారవుతుందో రోజూ చూస్తుంటాడు. పని అంచున కూర్చునే హక్కు దొరికితే చాలు, నేర్చుకోవడం దానంతట అది జరుగుతుందని ఆ పుస్తకం సారం, మాకు అర్థమైనంతవరకు. అవ్వ వినుంటే "దీనికి పుస్తకం కావల్లా?" అనేది. కావాలి అవ్వా, మా ఆఫీసులో చక్రం ఎక్కడుందో ఎవరికీ కనబడడం లేదు.

మా చదువు పదో తరగతి దాకా కన్నడ మీడియం. ఇంట్లో తెలుగు, బడిలో కన్నడ, తర్వాత ఒక్కసారిగా ఇంగ్లీషు. తెలుగు అక్షరాలు కూడా కన్నడ అక్షరాల మీద నుంచి గుర్తుపట్టి, బస్సు బోర్డులు, సినిమా పోస్టర్లు చదివి నేర్చుకున్నవే. 2012లో మొదటి ఉద్యోగంలో చేరినప్పుడు "రీగ్రెషన్" అనే మాట మొదటి వారంలో నలభైసార్లు విని ఉంటాం, అర్థం అడిగే ధైర్యం రాలేదు. చెప్పింది శివమొగ్గ వైపు సీనియర్ ఒకాయన, టీ అంగడి దగ్గర, కన్నడలో. "ఇంటికి కొత్త కిటికీ పెట్టిచ్చిన తర్వాత పాత తలుపు ఇంకా సరిగ్గా పడుతుందా అని చూస్తామే, అదే" అన్నాడు. మేము ఈరోజుకీ కొత్తవాళ్ళకు అదే చెప్తాం. ఆ టీ అంగడి దగ్గర ఆయన తన స్నేహితులతోనే మాట్లాడుకుంటూ ఉండొచ్చు, మమ్మల్ని పిలవాల్సిన అవసరం లేదు. పిలిచాడు.

అట్లాగని మేము నేర్చుకున్నదంతా టీ దగ్గరేనని కాదు. స్టాక్ ఓవర్‌ఫ్లో లేకపోతే మా తరం టెస్టర్లు సగంమంది ఇళ్ళకు తిరిగిపోయేవాళ్ళేమో. 2008లో జెఫ్ అట్‌వుడ్, జోయెల్ స్పోల్‌స్కీ మొదలుపెట్టారు దాన్ని. ఎక్కడో ఎవరో అడిగిన ప్రశ్నకు ఇంకెవరో ఇచ్చిన జవాబు చింతామణి బస్సులో కూర్చుని చదువుకున్నాం. కానీ అక్కడ చదవడం సులువు, అడగడం కష్టం. కొత్తవాళ్ళకు తమ చోటు ఆదరంగా లేదని 2018లో వాళ్ళే బాహాటంగా ఒప్పుకున్నారు. మా రోజువారీ పనిముట్టు సెలీనియం కథ కూడా ఇట్లాంటిదే. 2004లో షికాగోలో థాట్‌వర్క్స్ అనే కంపెనీలో జేసన్ హగ్గిన్స్ తమ పనికోసం రాసుకున్నది. బయటికి ఇచ్చేశారు కాబట్టి ప్రపంచమంతా పెరిగింది. (అప్పటి పోటీ కంపెనీ పేరు మెర్క్యురీ. పాదరసం విషానికి సెలీనియం విరుగుడు అని ఆ పేరు పెట్టారట. టెస్టర్ల జోకులు ఇట్లాగే ఉంటాయి.)

2020 మార్చిలో లాక్‌డౌన్ వచ్చాక టీ దగ్గర అడిగే ప్రశ్నలకు చోటు లేకుండా పోయింది. ఆఫీసు చాట్‌లో అడిగితే మేనేజర్ చూస్తాడు, క్లయింట్ వైపువాళ్ళు చూస్తారు. నాలుగు మాటల ఇంగ్లీషు ప్రశ్నను ఇరవై నిమిషాలు రాసి, చెరిపి, ఆఖరుకి పంపకుండా ఊరుకున్న రోజులు ఉన్నాయి. అట్లా పుట్టింది మా టీమ్‌లో తెలుగువాళ్ళ వాట్సాప్ గ్రూప్. పేరు "మనవాళ్ళు". మొత్తం తొమ్మిదిమంది టెస్టర్లలో ఐదుగురం. గుంటూరు ఆయన ఒకరు, హైదరాబాద్ వాళ్ళు ఇద్దరు, బళ్ళారి ఒకరు, ఐదో మనిషి మేమే. మొదట్లో మా కోలారు తెలుగుకు నవ్వేవాళ్ళు. ఒకసారి "గొత్తయిందా" అన్నామని వారం రోజులు అదే వేళాకోళం. అయినా ఆ గ్రూప్ మాకు ప్రాణం. అర్ధరాత్రి బిల్డ్ పడిపోతే గుంటూరు అన్న వాయిస్ నోట్ పెట్టేవాడు. "ఇదిగో విను, మొదట లాగ్ చూడు, టైమవుట్ అని ఉంటే భయపడకు" అని మొదలుపెట్టి రెండు నిమిషాల్లో మొత్తం చెప్పేసేవాడు. కంపెనీ డాక్యుమెంట్ పది పేజీలు చదివినా అంత తెలిసేది కాదు.

అందులో ఒక వాయిస్ నోట్ గురించి చెప్పాలి. మా స్టేజింగ్ సర్వర్‌లో ఉన్నది నిజమైన పేమెంట్ గేట్‌వే కాదు, దాని వేషం వేసిన మాక్ సర్వర్. దానికి ఎంత మొత్తం పంపినా "సక్సెస్" అంటుంది. రీఫండ్ నిజంగా టెస్ట్ చెయ్యాలంటే కాన్ఫిగ్‌లో ఒక ఫ్లాగ్ మార్చి గేట్‌వేవాళ్ళ శాండ్‌బాక్స్‌కు కలుపుకోవాలి. ఇది ఎక్కడా రాసి లేదు. అన్న మా ఐదుగురికి చెప్పాడు, మేము అట్లాగే చేసుకుంటూ పోయాం.

2021 చివర్లో దావణగెరె వైపు అమ్మాయి ఒకామె టీమ్‌లో చేరింది. మొదటి కాల్‌లోనే మా కన్నడ విని సంతోషపడింది. "నీవూ కన్నడ మీడియమ్మా?" అని అడిగింది. (కన్నడలో నీవు అంటే మర్యాద. గుంటూరు అన్నకు అది తెలీక, కొత్తమ్మాయి అప్పుడే నువ్వు అంటోందేమని ముఖం మాడ్చుకున్నాడు, మేము సర్ది చెప్పాం.) రెండో నెలలో ఆమెకు రీఫండ్ భాగం ఇచ్చారు. టెస్ట్ కేసులు శ్రద్ధగా రాసింది, అన్నీ పాస్ అయ్యాయి. ఎందుకు కావు, మాక్ సర్వర్ దేనికైనా సక్సెసే అంటుంది కదా. ఆమె సైన్ ఆఫ్ ఇచ్చింది, రిలీజ్ పోయింది.

మూడో రోజు నుంచి ఫోన్లు. గేట్‌వేకు మొత్తాన్ని పైసల్లో పంపాలి. మా కోడ్ రూపాయలను వందతో గుణించి, దశాంశం తర్వాత ఉన్నది కోసేస్తోంది. 19.99ని వందతో గుణిస్తే మనకు 1999, కంప్యూటర్‌కు 1998.99 చిల్లర. చిల్లర కోసేస్తే 1998. ఒక్క పైసా తక్కువ. ఆ ఒక్క పైసాకు గేట్‌వే దాన్ని పూర్తి రీఫండ్ కాదు, కొంత రీఫండ్ అని రాసుకుంటుంది, మా వైపు ఆర్డర్ మూసుకోకుండా వేలాడుతుంది. శాండ్‌బాక్స్‌తో కలిపి చూసుంటే మొదటి గంటలో దొరికే బగ్ ఇది.

రివ్యూ కాల్‌లో ఎవరు సైన్ ఆఫ్ చేశారన్నారు. ఆమె పేరు. మాక్ గురించి డాక్యుమెంట్‌లో ఏమీ లేదని ఆమె మెల్లగా చెప్పింది. "మిగతావాళ్ళకు తెలుసు కదా, నువ్వు అడగాల్సింది" అన్నాడు మేనేజర్. ఉందని తెలీని దాన్ని ఎట్లా అడుగుతారు, ఎవరినని అడుగుతారు? మేము ఐదుగురం మ్యూట్‌లో ఉన్నాం. అదే సమయంలో "మనవాళ్ళు" గ్రూప్‌లో మాత్రం మెసేజ్‌లు పడుతున్నాయి. పాపం, అని ఒకరు. ఎవరైనా చెప్పండి, అని ఒకరు. ఇప్పుడు చెప్తే మనకే తగులుతుంది, అని ఒకరు. ఆ కాల్‌లో మేము కూడా నోరు తెరవలేదు.

సాయంత్రం ఆమె ఫోన్ చేసింది. "నిమగె మొదలే గొత్తిత్తా?" అని ఒకటే ప్రశ్న. ముందే తెలుసా అని. గొత్తిత్తు, అన్నాం. కొంచెంసేపు ఏమీ మాట్లాడలేదు. "సరి" అని పెట్టేసింది. రెండు నెలల తర్వాత వేరే టీమ్‌కు మారిపోయింది.

ఇందులో ఎవరూ కావాలని ఏదీ దాచలేదు. మమ్మల్ని ఇప్పటికీ ఇబ్బంది పెట్టేది ఆ సంగతే. దాచి ఉంటే దాచినవాళ్ళను తిట్టొచ్చు. హాయిగా మాట్లాడుకునే చోట మాట్లాడుకున్నాం, మాట అక్కడే ఉండిపోయింది. చక్రం దగ్గర కూర్చున్న మనిషికి చేతులు కనబడకుండా మధ్యలో ఒక తెర పడింది, తెర వేసినవాళ్ళలో మేమూ ఉన్నాం. మాకు రీగ్రెషన్ అంటే ఏమిటో కన్నడలో చెప్పిన ఆయన ఆ రోజు తన గ్రూప్‌లోనే చెప్పుకుని ఉంటే?

ఆంధ్ర, తెలంగాణలో ఉన్న మన బంధువులకు ఇది అంత తగలకపోవచ్చు. మన కథ వేరు. ఊర్లో మనల్ని తెలుగువాళ్ళు అంటారు, అటు పోతే కన్నడోళ్ళు అంటారు. బెంగళూరులో భాష పేరుతో మాట మాట పెరిగినప్పుడల్లా రెండు వైపులా సర్ది చెప్పేది మనలాంటివాళ్ళమే. కైవారం తాతయ్య తెలుగులోనూ, కన్నడలోనూ తత్వాలు చెప్పిన గడ్డ అని గొప్పగా చెప్పుకుంటాం. ఆ వాయిస్ నోట్‌ను కన్నడలోకి మార్చి ఆమెకు చెప్పడానికి ఐదుగురిలో అందరికంటే సులువు మాకే. రెండు నిమిషాల పని.

ఇది చెప్పినప్పుడు మా బావ ఒప్పుకోలేదు. 2023లో ఆయన ఉద్యోగం పోయింది. మూడు నెలల్లో మళ్ళీ దొరికింది, అదీ ఇట్లాంటి తెలుగు గ్రూప్‌లో ఎవరో రెఫర్ చేస్తేనే. "పెద్ద కాలేజీలోళ్ళకి వాళ్ళ కాలేజీ గ్రూపులుండాయి, మనకేముండాదిరా? మనోళ్ళుండారు. దాన్ని కూడా తప్పంటే ఎట్ల?" అన్నాడు. దీనికి మా దగ్గర ఎదురు మాట లేదు. పేరున్న కాలేజీ లేక, ఇంగ్లీషు తడబడుతూ ఊర్ల నుంచి వచ్చినవాళ్ళకు మనవాళ్ళే గతి. సొంత భాషలో తెలివితక్కువ ప్రశ్న అడిగే చోటు ఒకటి ఉండాలి. లేకపోతే మనుషులు అడగడమే మానేస్తారు. కాబట్టి ఆఫీసుల్లో సొంత భాష గ్రూపులు వద్దనేవాళ్ళతో మేము ఏకీభవించం. ఉద్యోగాల సంగతి, మేనేజర్ మీద కోపం, ఊర్లో పెళ్ళి ఫోటోలు, అవన్నీ గ్రూప్‌లోనే ఉండనీ. పని చెయ్యడానికి అందరికీ కావాల్సిన మాట మాత్రం ఆ గ్రూప్ సొత్తు కాదు. టీమ్‌లో తొమ్మిదిమంది ఉంటే తొమ్మిదిమందిదీ అది.

కంపెనీల తప్పు కూడా తక్కువేమీ లేదు. అప్రైజల్ ఫారంలో నాలెడ్జ్ షేరింగ్ అని ఒక గడి ఉంటుంది. రోజూ పొద్దున ఎక్కడిదో ఒక లింక్ తెచ్చి ఆఫీసు చాట్‌లో పెట్టి, నలుగురితో బొటనవేలు గుర్తు వేయించుకున్నవాళ్ళకు అందులో మంచి మార్కులు పడతాయి. అర్ధరాత్రి ఐదుగురికి పని నేర్పించిన గుంటూరు అన్నకు ఆ గడిలో ఏమీ పడలేదు. జూలియన్ ఓర్ అనే ఆయన జెరాక్స్ కంపెనీ మెషీన్లు బాగుచేసేవాళ్ళ వెంట తిరిగి 1996లో పుస్తకం వేశాడు. మాన్యువల్‌లో లేని రిపేర్లు వాళ్ళు భోజనాల దగ్గర ఒకరికొకరు చెప్పుకునే కథల్లో ఉన్నాయని అందులో చూపించాడు. దాదాపు ముప్పై ఏళ్ళైనా మా ఆఫీసులో లెక్క పెట్టేది లింకులే.

ఇప్పుడు ఇంకొకటి వచ్చింది. 2022 చివర్లో చాట్‌జీపీటీ వచ్చినప్పటి నుంచి కొత్త పిల్లలు ప్రశ్నలు దాన్నే అడుగుతున్నారు. మాకు దాని మీద కోపం లేదు, మేమూ అడుగుతాం. కన్నడ మీడియం పిల్లలకు అదొక వరం. విరిగిపోయిన ఇంగ్లీషులో అడిగినా, తెలుగు కన్నడ కలిపి అడిగినా నవ్వదు, మేనేజర్‌కు చెప్పదు. కానీ మా స్టేజింగ్‌లో మాక్ సర్వర్ ఉందని దానికి ఎట్లా తెలుస్తుంది? వాయిస్ నోట్‌లో ఉన్నది దానికి చేరదు. పైగా ఆ ప్రశ్న ఎవరికీ వినబడదు. ఇదివరకు కొత్తవాళ్ళు ఏదైనా అడిగితే, ఓహో ఇది డాక్యుమెంట్‌లో లేదా, అని పాతవాళ్ళకు తెలిసేది. పక్కన కూర్చున్న ఇంకొక కొత్తవాడికి జవాబు ఊరికే దొరికేది. మా టీమ్‌లో ఈమధ్య చేరిన ఇద్దరు అబ్బాయిలు నెలల తరబడి ఒక్క ప్రశ్న కూడా అడగలేదు. చాలా తెలివైనవాళ్ళు అనుకుని మొదట మురిసిపోయాం. ఇప్పుడు భయమేస్తోంది, ఎక్కడ తట్టుకుంటున్నారో మాకు ఏమీ తెలీదు.

మన ఇళ్ళ నుంచి ఈ పనిలోకి వస్తున్న పిల్లలకు ఒక్కటి చెప్తాం. మీ తెలుగు గ్రూప్‌లో చేరండి, సిగ్గుపడకుండా అడగండి. జవాబు దొరికిన రోజే దాన్ని మూడు వరుసలుగా టీమ్ అందరూ చూసే చోట రాయండి. ఇంగ్లీషు తప్పులు పోతే పోనీ. రాయాల్సింది చెప్పినవాళ్ళు కాదు, అడిగినవాళ్ళే. చెప్పేవాళ్ళకు అది చిన్న సంగతి, రాయాలని తోచదు. తెలీక ఇబ్బంది పడిన మనిషికే ఎక్కడ తట్టుకున్నామో గుర్తుంటుంది. పేరు బయటికి వస్తుంది, ఇంత చిన్నది కూడా తెలీదా అని ఎవరో అనుకుంటారు, అదీ నిజమే. మేమూ మొదటిసారి రాసినప్పుడు ఒకరు నవ్వు బొమ్మ పెట్టారు. వారంలో ఇంకో ఇద్దరు అదే పేజీ తెరిచారని లెక్క చూపించింది, మేము ఆ లెక్కే చూసుకున్నాం.

పోయిన సంక్రాంతి సెలవుల్లో పాత వాయిస్ నోట్లన్నీ మళ్ళీ విన్నాం. అరవైకి పైగా ఉన్నాయి. చాలావరకు రాసిపెట్టాం. పదకొండు మాత్రం మిగిలిపోయాయి. వాటిలో అన్న "అదే, మొన్న చెప్పినట్టే చెయ్యి" అంటాడు, మొన్న ఏం చెప్పాడో ఎవరికీ గుర్తు లేదు. ఆయన ఇప్పుడు కెనడాలో ఉన్నాడు. అడిగితే తనకూ గుర్తు లేదన్నాడు.

అందరికంటే ముందు రాసింది రీఫండ్ పేజీ. పైన "మాక్‌ను నమ్మొద్దు" అని ఇంగ్లీషులో ఒకసారి, కన్నడలో ఒకసారి, తెలుగులో ఒకసారి. దావణగెరె అమ్మాయి ఇప్పుడు మా పై ఫ్లోర్‌లో వేరే టీమ్‌లో ఉంది. ఏమీ రాయకుండా ఆ పేజీ లింక్ మాత్రం పంపాం. రెండు రోజుల తర్వాత చూస్తే పేజీలో ఒక వరుస మారి ఉంది. ఫ్లాగ్ పేరు ఈమధ్య మార్చారట, కొత్త పేరు రాసిపెట్టింది. మాకు విడిగా మెసేజ్ ఏమీ పెట్టలేదు.